ఇల్జామ్ బస్సు మీద, దగ్గు ఇంట్లో



ఈసారి మా ఖాందాన్ సంగతి రాస్తున్నాను. రాసే ముందు మా చెల్లెలి ఇజాజత్ తీసుకున్నాను, మా బహనోయీ ఇజాజత్ కూడా తీసుకున్నాను. ఆయన సంతోషంగా ఏమీ ఇవ్వలేదు. "రాయండి భాయిజాన్, కానీ మా గల్లీ పేరు మాత్రం రాయొద్దు" అన్నాడు. రాయను. గల్లీ పేరుతో పని లేదు. చదివేవాళ్ళకు ఎవరి గల్లీ వాళ్ళకు కనిపిస్తుంది.

మా భాంజీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పాతబస్తీలో బస్సెక్కి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, మళ్ళీ ఇంకో బస్సెక్కాలి. పోవడానికి యాభై నిమిషాలు, రావడానికి యాభై నిమిషాలు. వాళ్ళ దాదా వైపున కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అదే. రంజాన్ తర్వాత దాని మెడ పక్కన చిన్న గడ్డ కనిపించింది. సాయంత్రమైతే బుఖార్. భూక్ లేదు. బుర్ఖా భుజాల మీద వేలాడేంతగా చిక్కిపోయింది. గల్లీ డాక్టర్ గోలీలతో నెలన్నర గడిచింది. చివరికి సర్కారీ దవాఖానాలో గడ్డలోంచి సూదితో నీరు తీసి పరీక్ష చేశారు. టీబీ అని తేలింది.

ఆ రాత్రే ఇంట్లో పంచాయతీ కూర్చుంది. చాచాలు, చాచీలు, పక్కింటి ఖాలా, అందరూ వచ్చారు. ఫైసలా చేయడానికి పావుగంట కూడా పట్టలేదు. బస్సులోనే అంటుకుంది! ఎవరెవరో ఎక్కుతారు, ఎవరెవరో దగ్గుతారు, ఆడవాళ్ళకు ఫ్రీ చేసినప్పటి నుంచి కాలు పెట్టే జాగా లేదు. కాలేజీ బంద్. బస్సు బంద్. "నక్కో బాబా, జాన్ హై తో జహాన్ హై" అని ఖాలా ముగించింది. పిల్లకు వేరే పళ్ళెం, వేరే గ్లాసు, వంటింటి పక్కన వేరే చాప.

ఫోనొస్తే వెళ్ళాను. అంతా విని ఒకే మాట అడిగాను. "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

ఎవరూ మాట్లాడలేదు. మా భాంజీ మాత్రం తల వంచుకుని, "దాదాకు ఉంది కదా మామూ" అంది.

ఉంది. ఏడాదిగా ఉంది. "పాత దమ్ము, బీడీల దగ్గు" అని అందరూ అనుకుంటున్నారు. కాదు, అనుకుంటున్నట్టు నటిస్తున్నారు. పెద్దాయన ఒక్కసారి కూడా తెమడ పరీక్ష చేయించుకోలేదు. ఎందుకని? చిన్నకూతురి రిష్తా మాట్లాడుతున్నారు. అబ్బాయి తరఫువాళ్ళ చెవిన టీబీ అనే మాట పడితే రిష్తా పోతుంది. ఇజ్జత్ పోతుంది. అందుకని తలుపులు వేసుకుని దగ్గారు. మా భాంజీ పుస్తకాలు పెట్టుకునేది, చదువుకునేది, పడుకునేది ఆ దాదా గదిలోనే. ఆ గదికి ఒకే ఖిడికీ. అది గల్లీలోకి ఉందని పర్దా కోసం రేకు కొట్టేశారు.

భాయియో, బహెనో, నా గుస్సా ఇక్కడే.

ముందు బీమారీ సంగతి సాఫ్‌గా చెప్పుకుందాం. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను. అక్కడ దీన్ని తపేదిఖ్ అని నేర్పారు. డిగ్రీ తెలుగులో చేశాను, అక్కడ క్షయ అన్నారు. రెండు జబాన్లలోనూ మనిషిని అరగదీసే రోగమనే అర్థం. 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే డాక్టర్ దీని క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడు. అప్పటిదాకా ఖాందానీ రోగమని, దిష్టి అని, గుణం మంచిది కాక వచ్చిందని రకరకాలుగా అన్నారు. దాదాపు నూట నలభై ఏళ్ళు దాటింది. మనం ఇంకా అవే మాటలు అంటున్నాం. దునియాలో టీబీ వచ్చేవాళ్ళలో సుమారు నాలుగో వంతు మన ముల్క్‌లోనే ఉన్నారంటే ఆశ్చర్యం ఏముంది?

ఈ క్రిమి హవాలో వస్తుంది. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా కంటికి కనిపించనంత సన్నని తుంపరలు బయటికొస్తాయి. హవా కదలని గదిలో అవి గంటలకొద్దీ తేలుతూ ఉంటాయి. పక్కవాళ్ళు ఆ హవా పీలిస్తే అంటుకుంటుంది. పళ్ళెం వల్ల అంటుకోదు. గ్లాసు వల్ల అంటుకోదు. బస్సు రాడ్డు పట్టుకుంటే అంటుకోదు, సీటు మీద కూర్చుంటే అంటుకోదు. ముసాఫా చేస్తే అంటుకోదు. జలుబు, ఫ్లూ లాంటివి చేతుల ద్వారా కూడా రావచ్చు, బస్సు దిగాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మంచిదే. కానీ టీబీకి దారి హవా ఒక్కటే అనుకోండి.

ఇంకో మాట. మా భాంజీకి వచ్చింది మెడ గడ్డల టీబీ. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని ఎక్స్‌రే చెప్పింది. గడ్డల టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అంటే వేరే పళ్ళెం పెట్టింది ఎవరికీ అంటించలేని పిల్లకు. దస్తర్‌ఖాన్ మీద అందరి మధ్యా కూర్చుని దగ్గుతూ తింటున్నది అంటించగలిగే పెద్దాయన. చూశారా మన ఇన్సాఫ్!

ఇక హిసాబ్ వేద్దాం. అంటుకోవడానికి మూడు సంగతులు కలవాలి. దగ్గే మనిషి ఉండాలి, హవా మూసుకుపోయి ఉండాలి, ఆ హవాలో ఎక్కువసేపు ఉండాలి. బస్సులో మా భాంజీ రోజుకు వంద నిమిషాలు ఉంటుంది. ఆ రోజు బస్సులో టీబీ మనిషి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సిటీ ఆర్డినరీ బస్సుకు కిటికీలు తెరిచే ఉంటాయి, తలుపులు ప్రతి స్టాపులో తెరుచుకుంటాయి. ఇంట్లో? రాత్రి తొమ్మిది గంటలు అదే గది, అదే రేకు కొట్టిన ఖిడికీ, అదే దగ్గు. వారానికి ఏడు రాత్రులు, జుమాకు కూడా ఛుట్టీ లేదు. బస్సులో గడిపినదానికి అయిదు రెట్లకు పైనే. ఫైసలా ఇచ్చే ముందు ఈ మాత్రం లెక్క వేయాలా, వద్దా?

మా భాంజీకి ఎవరి నుంచి వచ్చిందో అల్లాహ్‌కే తెలుసు. నేను కసమ్ తిని చెప్పను. ఈ క్రిమి ఒంట్లో ఏళ్ళ తరబడి నిద్రపోగలదు. క్రిమి సోకిన నూరు మందిలో జీవితం మొత్తం మీద అయిదు నుంచి పది మందికే బీమారీగా బయటపడుతుంది. కాబట్టి ఫలానా రోజు, ఫలానా బస్సు అని ఎవరూ వేలు చూపించలేరు. అలాగే ఫలానా దాదా అని కూడా నేను చూపించను. నా మాట ఒకటే. తెలియనప్పుడు బస్సు మీద అంత పక్కాగా ఇల్జామ్ వేసినవాళ్ళు, ఎదురుగా ఉన్న దగ్గును ఎందుకు వదిలేశారు? బస్సును తిడితే రిష్తా పోదు. బస్సుకు ఇజ్జత్ లేదు. బస్సు తిరిగి మాట్లాడదు. పోయేది ఆడపిల్ల చదువు. అది మన దగ్గర అన్నింటికంటే సస్తా!

ఇల్జామ్ అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తున్నాయా? కరోనా వచ్చింది, ఢిల్లీ మర్కజ్ పేరు టీవీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మోగింది. టోపీ కనిపిస్తే జనం జరిగిపోయారు. కూరగాయల బండివాణ్ణి పేరు అడిగి పంపేశారు. ఆ సెప్టెంబర్ 25న, ఆర్నెల్ల తర్వాత, హైదరాబాద్‌లో సిటీ బస్సులు మళ్ళీ తిరిగాయి. ఆ మొదటి వారంలోనే నేను డ్యూటీకి బస్సెక్కాను. పక్క సీటాయన నా గడ్డం చూసి లేచి నిలబడ్డాడు. బస్సు సగం ఖాళీ. ఆయన నాకు దూరంగా నిలబడి మాస్క్ కిందికి దించి ఫోన్ మాట్లాడుతున్నాడు. అప్పటికే, ఆగస్టులో, బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేసింది, వాళ్ళను బలిపశువులను చేసినట్టుందని రాసింది. ఆ ఖబర్‌ను మా డెస్క్ మీద నేనే తెలుగు చేశాను. కానీ తీర్పు చదివినవాళ్ళు ఎంతమంది? జరిగిపోయినవాళ్ళు ఎంతమంది?

ఆ దుఃఖం తిన్న ఖౌమ్ మనది. ఒక మనిషిని చూసి బీమారీ అనుకోవడం ఎంత జుల్మ్‌ో మనకు తెలుసు. మరి మనమే ఇవాళ బస్సులో ఎక్కే కూలీని, బిహారీని, మురికి బట్టల మనిషిని చూసి "ఇలాంటివాళ్ళ వల్లే" అంటున్నాం. ఇంట్లో ఆడపిల్లకు పళ్ళెం వేరు చేస్తున్నాం. జుల్మ్ మన చేతికొస్తే ఎహ్తియాత్ అని పేరు మార్చుకుంటుందా?

బస్సు బేగునాహ్ అని నేను అనడం లేదు. ఇది కూడా సాఫ్‌గా చెప్పాలి, లేకపోతే నా వాదన అధూరా. బస్సులో బీమారీ అంటుకుంటుంది. 2020 జనవరిలో చైనాలోని నింగ్బో నగరంలో ఒక బౌద్ధ ప్రార్థనకు రెండు బస్సుల్లో జనం వెళ్ళారు. పోను యాభై నిమిషాలు, రాను యాభై నిమిషాలు, సరిగ్గా మా భాంజీ సఫర్ అంత. ఒక బస్సులో 68 మంది, వాళ్ళలో ఒకరికి కరోనా ఉంది. లోపలి హవానే తిప్పి తిప్పి వదిలే ఏసీ. చివరికి ఆ బస్సులో 24 మందికి పాజిటివ్ వచ్చింది, మొదటి రోగితో కలిపి. రెండో బస్సులో ఒక్కరికీ రాలేదు. మొదటి బస్సులోనూ తెరుచుకునే ఖిడికీల పక్కన కూర్చున్నవాళ్ళలో దాదాపు అందరూ బచాయించారు. బీమారీ ఎవరి ఇబాదత్ ఏమిటని అడగలేదు. ఖిడికీ తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూసింది. దక్షిణ అమెరికాలో పెరూ రాజధాని లీమాలో కూడా మినీబస్సుల్లో రోజూ తిరిగేవాళ్ళకూ టీబీకీ సంబంధం ఉందని పరిశోధకులు రాశారు. కాబట్టి బస్సుల హవా సంగతి హుకూమత్ జిమ్మేదారీ. అది తప్పించుకోవడానికి వీల్లేదు.

హైదరాబాద్‌కు బస్సు కొత్త కాదు. 1932లో నిజాం హుకూమత్ రైల్వే కింద 27 బస్సులతో మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఈ షహర్‌లో గరీబు కాళ్ళు బస్సే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు జీరో టికెట్ వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో కూడా వచ్చింది. దీనివల్ల మన ఇళ్ళలో ఏం మారిందో మగవాళ్ళకు తెలియదు. కిరాయి పైసలు లేక ఆగిపోయిన అమ్మాయి ఇంటర్‌లో చేరింది. జర్దోసీ పని చేసే బాజీ తన సరుకు తానే తీసుకెళ్ళి అమ్ముకుంటోంది. అమ్మీలు దవాఖానాకు కొడుకు తీరిక కోసం ఎదురుచూడకుండా పోతున్నారు. "ఫ్రీ చేసి బస్సు పాడు చేశారు" అనేవాళ్ళకు నా జవాబు: రద్దీ ఎక్కువైతే బస్సులు పెంచమని అడగాలి, ఆడవాళ్ళను తగ్గించమని కాదు. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా కాలేజీ రూట్లలో బస్సులు పెంచాలి. తుప్పుపట్టి ఇరుక్కుపోయిన కిటికీ అద్దాలు జరిగేలా చేయాలి. కిటికీలు బిగించేసిన ఏసీ బస్సుల్లో బయటి హవా లోపలికి వచ్చే ఏర్పాటు ఉందో లేదో చూసి, ఉంటే నడిపించాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ హవానే పీల్చే డ్రైవర్లకు, కండక్టర్లకు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించాలి. మనకు వంద నిమిషాలు, వాళ్ళకు ఉమ్రంతా.

మన హక్ అడిగాం. ఇప్పుడు మన ఫర్జ్. బస్సెక్కగానే పక్కనున్న ఖిడికీ తీయండి, దుమ్మొస్తుందని, జుట్టు చెదురుతుందని మూయకండి. దగ్గు, జలుబు ఉంటే మాస్క్ పెట్టుకోండి. బహెనులకు ఒక మాట: నఖాబ్ మాస్క్ కాదు. పల్చటి గుడ్డ, కింద అంతా ఖులా. పర్దాకు నఖాబ్, హవాకు మాస్క్, లోపల ఒకటి పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు కూడా.

ఇది చెబితే మా మొహల్లాలో ఒక బుజుర్గ్ నవ్వారు. "మౌత్ రాసిపెట్టి ఉంటే ఖిడికీ ఆపుతుందా? ఈమాన్ కమ్‌జోర్ అయినవాళ్ళకే మాస్కులు" అన్నారు. చాచా, మీ ఉమ్రకు నా సలాం, మీ మాటకు కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఈమాన్ కమ్‌జోరా? ఆయన షామ్ వైపు లష్కర్‌తో పోతుండగా సర్గ్ అనే చోట తాఊన్ ఖబర్ వచ్చింది. సహాబాలతో మశ్వరా చేసి వెనక్కి తిరిగారు. అల్లాహ్ తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ తక్దీర్ నుంచి అల్లాహ్ తక్దీర్‌లోకే పోతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. తాఊన్ ఉన్న చోటికి పోవద్దని, ఉన్న చోటి నుంచి పారిపోవద్దని ప్రవక్త (స) చెప్పిన సంగతిని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడే గుర్తుచేశారు. ఆ తాఊన్‌లోనే అబూ ఉబైదా (రజి) వఫాత్ అయ్యారు. తర్వాత అమ్ర్ బిన్ ఆస్ (రజి) జనాన్ని కొండల మీదికి, ఖులా హవాలోకి పంపించారని తారీఖ్ కితాబులు చెబుతాయి. తుమ్ము వస్తే ముఖానికి చేయో గుడ్డో అడ్డం పెట్టుకోవడం సున్నత్. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న దీన్ మనది. మాస్క్ పెట్టుకోవడం ఒంటెను కట్టడమే.

తక్దీర్ అనేవాళ్ళూ, బస్సు బంద్ అనేవాళ్ళూ వేరు వేరని మొదట్లో అనుకున్నాను. కాదు. ఇద్దరూ చేసేది ఒకటే, పరీక్షను తప్పించుకోవడం. ఒకరు నింద తక్దీర్ మీదికి తోస్తారు, ఇంకొకరు బస్సు మీదికి. ఇంట్లో దగ్గు అలాగే ఉంటుంది.

ఆ రాత్రి మా బహనోయీతో గట్టిగానే మాట్లాడాను. "మీ అబ్బాజాన్ పరీక్ష చేయించండి. చేయించకుండా పిల్ల కాలేజీ మాన్పిస్తే, ఇరవై నాలుగు గంటలూ ఆ గదిలోనే పెడుతున్నట్టు. అది కాపాడటం కాదు" అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు తానే పెద్దాయన్ని తీసుకుని దవాఖానాకు పోయాడు. తెమడ పరీక్షలో పాజిటివ్ వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు భయపడేది దీని గురించే. ఆకాశం విరిగి పడలేదు. సర్కారీ దవాఖానాలో మందులు ముఫ్త్. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మంచి తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. సరైన మందు రోజూ పడితే రెండు వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కానీ బాగున్నానని మధ్యలో మానేస్తే బీమారీ మొండికేస్తుంది, మందుకు లొంగదు. ఇంట్లో మిగతా అందర్నీ పరీక్షించారు, బీమారీ లేనివాళ్ళకు రాకుండా ముందుజాగ్రత్త గోలీలు ఇచ్చారు. రేకు తీసేశారు. పర్దాకు జాలీ, దాని మీద పల్చటి చాదర్ కట్టారు. ఎండ, హవా రెండూ వస్తున్నాయి. ఎండకు ఈ క్రిమి బతకదు.

పెద్దాయన నన్ను పిలిచి, "బేటా, పిల్లకు నేనే ఇచ్చానా?" అని అడిగారు. తెలియదు చాచా అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఈ పోస్టు రాస్తున్నంతసేపూ ఆ సవాల్ నన్ను వదల్లేదు. దీన్ని రాసింది ఆయన్ని గునహగార్ చేయడానికి కాదు. ఏడాది కింద ఎవరైనా ఒక్కరు "పదండి, తెమడ ఇచ్చొద్దాం" అని ఉంటే ఆయనకు ఆ సవాల్ అడిగే అవసరమే వచ్చేది కాదు. ఆ ఒక్కరు నేను ఎందుకు కాలేదు? ఈద్‌కు వెళ్ళాను, షీర్ ఖుర్మా తాగాను, ఆ దగ్గు విన్నాను, వచ్చేశాను. కాబట్టి ఇందులో నా వాటా నాకుంది.

రిష్తా సంగతి అడుగుతారని తెలుసు. అబ్బాయి తరఫువాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాం. వాళ్ళు ఆలోచించుకుని చెప్తామన్నారు. ఇంకా జవాబు రాలేదు. రాకపోవచ్చు. అయినా చెప్పడమే సరైనదని మా చెల్లెలు అంటోంది. నేను ఆమె వైపే.

మా భాంజీ మూడు వారాల క్లాసులు, ఒక ఇంటర్నల్ పరీక్ష పోగొట్టుకుంది. మొన్న సోమవారం నుంచి మళ్ళీ పోతోంది. అదే బస్సు. నఖాబ్ లోపల మాస్క్, ఖిడికీ పక్క సీటు దొరికితే ఖిడికీ పక్కన. పక్క సీటు ఆంటీ ఖిడికీ మూయబోతే, "ఉండనీయండి ఆంటీ, హవా రానీయండి" అందట.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గుంటే, ఈ పోస్టు పక్కనపెట్టి రేపు పొద్దున్నే వాళ్ళను తీసుకుని దవాఖానాకు పోండి. బస్సులోనే పోండి. ఖిడికీ తెరిచి, మాస్క్ పెట్టి.

దువాలో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.